జమ్మి మీది మూట

ఆ రోజుకు నర్సింగ్ వేసుకున్న ప్రణాళిక చాలా చిన్నది. పొద్దున్నే బల్ల మీదున్న ఆఖరి మ్యాగజైన్ సంగతి తేల్చాలి. పానాలకూ ఆకురాళ్ళకూ బొట్టు పెట్టుకోవాలి. తోటలో నాలుగు జమ్మి కొమ్మలు తెంపుకోవాలి. తనిఖీ అయిపోగానే అల్ వుకైర్‌లోని కూలీల క్యాంపుకు పోయి దసరా మటన్ తినాలి. ఇందులో ఎవరికీ నష్టం లేదు. ఇంత చిన్న ప్రణాళిక వేసుకున్నవాణ్ణి పైవాడు కూడా చూసీ చూడనట్టు వదిలేయాలి, న్యాయంగా అయితే. కానీ ఆ పూట పైవాడికి వేరే పని లేనట్టుంది.

నర్సింగ్‌ది మెట్‌పల్లి దగ్గర ఊరు. ఖతర్ వచ్చినప్పటి నుంచీ ఎండలో ఇనుప పైపులు మోసి, పరంజాలు కట్టి, వీపు చర్మం రెండు రంగుల్లోకి మారిన మనిషి. ఈమధ్యే కంపెనీ అతన్ని ఉమ్ సలాల్‌లో అబూ నాసర్ అనే అరబ్బు పెద్దమనిషి తోటలో నడిచే షూటింగ్ క్లబ్బుకు ట్రయల్ మీద పంపింది. అక్కడ ఆయుధాల గది పక్కన చిన్న వర్క్‌షాపు, అందులో ఒక బల్ల, బల్లకు ఎదురుగా ఏసీ. ఆ ఏసీ గాలి మొదటిసారి మెడ మీద పడ్డప్పుడు నర్సింగ్‌కు ఏడుపొచ్చింది. ఎవరూ చూడకుండా కాసేపు నిజంగానే ఏడ్చాడు. ఆ రోజుతో ట్రయల్ అయిపోతుంది. తనిఖీ సవ్యంగా జరిగితే డ్యూటీ పర్మనెంటు, లేకపోతే మళ్ళీ సైటు, మళ్ళీ ఎండ.

పని కూడా కష్టమైనదేం కాదు. రైఫిల్‌కు కింద తగిలించే ఇనుప డబ్బీని మ్యాగజైన్ అంటారు. క్లబ్బు రైఫిళ్ళు పాతకాలపు మోడల్, ఒక్కో డబ్బీలో పది తూటాలు పడతాయి. క్లబ్బుకు వచ్చిన కొత్త పర్మిట్‌లో ఐదుకు మించి పట్టకూడదని ఉంది, సర్కారు తనిఖీ కూడా అది చూడటానికే. అందుకని స్టోర్ ఇన్‌ఛార్జి కమాలుద్దీన్ ఊరంతా తిరిగి, కాగితాలతో సహా, మూతపడిన మరో క్లబ్బు నుంచి కొన్ని, అక్కడక్కడా కొన్ని డబ్బీలు కొనుక్కొచ్చి డజను చేశాడు. వాటి లోపల చిన్న దిమ్మ బిగించి, ఆరో తూటాకు చోటు లేకుండా చేసి, మళ్ళీ ఎవరూ విప్పకుండా మూసేయడం నర్సింగ్ వంతు. పదకొండు మర్యాదగా మాట విన్నాయి.

పన్నెండోది వినలేదు. అది అల్ రయ్యాన్‌లో ఈమధ్యే పోయిన ఓ ముసలి వేటగాడి ఇంటి నుంచి వచ్చింది. పక్కన గోటితో గీసినట్టు వంకర గీత ఒకటుంది. నర్సింగ్ దిమ్మ బిగించి, డమ్మీ తూటాలు ఐదు ఎక్కించి, ఆరోది ఊరికే ఆనించి చూస్తే, అది లోపల ఎవరో జరిగి చోటిచ్చినట్టు మెత్తగా దిగిపోయేది. విప్పి చూస్తే దిమ్మ ఉన్నచోటే ఉండేది. దిమ్మ మార్చాడు, స్ప్రింగు మార్చాడు. ఆరోది దిగుతూనే ఉంది. ఒకసారి అతను బల్ల వదిలి నీళ్ళు తాగడానికి పోతే వెనక నుంచి టక్కుమని వినిపించింది. తిరిగి చూస్తే గదిలో ఎవరూ లేరు.

ఈ సంగతి అతను కమాలుద్దీన్‌కు చెప్పలేదు. పొద్దున వీడియో కాల్ చేసిన భార్య గంగామణికి మాత్రం చెప్పాడు.

"ఏమయ్యా, మీ దుబాయ్‌ల జమ్మి చెట్టు ఉన్నదంటివి గదా, ఏదీ, సూపియ్యి" అంది గంగామణి, తలంటుకున్న జుట్టు ఆరబెట్టుకుంటూ.

"దుబాయ్ గాదే, ఖతర్."

"ఏదైతేంది, అదీ ఇసుకే గదా. సూపియ్యి."

నర్సింగ్ వర్క్‌షాపు కిటికీ వైపు ఫోను తిప్పాడు. బయట పొగమంచు తప్ప ఏమీ కనిపించలేదు. కానీ చెట్టు ఉన్న మాట నిజం. తోట చివర, ఒంటెల దొడ్డి దాటాక, ఒంటరిగా ఉంటుంది. ఇక్కడివాళ్ళు దాన్ని ఘాఫ్ అంటారు. ఆకు నలిపి వాసన చూసిన రోజే నర్సింగ్ అది జమ్మి అని పోల్చుకున్నాడు. ఆ కబురు విని క్యాంపులో పండగైంది. ప్రతి దసరాకు జమ్మి దొరక్క వేపాకు చేతిలో పెట్టుకుని కౌగిలించుకుని అలాయ్ బలాయ్ చేసుకునేవాళ్ళు, ఈసారి అసలైన బంగారం, అదే జమ్మి ఆకు, నర్సింగ్ తెస్తాడని ఎదురుచూస్తున్నారు.

"మరింకేంది? గా సతాయించే డబ్బీని తీస్కపోయి జమ్మి మీద వెట్టి మొక్కు. ఆయుధాలు జమ్మెక్కి దిగినంకనే గదా గెలుపు" అంది గంగామణి.

"ఆఫీసోళ్ళ సామానే అది. బయటికి తియ్యద్దు."

"గడియసేపు తీస్తే అరిగిపోతదా? ఒక్కదాన్నే వెట్టకు, మిగిలినయి ఏం పాపం జేసినయి? అన్నీ వెట్టు. నీ డ్యూటీ పర్మనెంటు గావాల్నా, వద్దా?"

నర్సింగ్ జేబు తడుముకున్నాడు. డబ్బీల అల్మారా తాళంచెవి అందులోనే ఉంది. డబ్బీలన్నీ ఖాళీవే, తూటాలు వేరే గదిలో వేరే తాళంలో ఉంటాయి, ఖాళీ డబ్బీకి ఎవరు భయపడతారు అని తనకు తానే చెప్పుకున్నాడు. పండగకు కట్టుకుందామని తెచ్చుకున్న కొత్త తెల్ల ధోతిలో పన్నెండింటినీ మూట కట్టాడు. పసుపు, కుంకుమ, ఓ బెల్లం ముక్క జేబులో వేసుకుని బయలుదేరాడు.

పొగమంచు ఎంత దట్టంగా ఉందంటే, చాపిన చెయ్యి చివర వేళ్ళు ఎవరివో అనిపించేట్టుంది. ఎడారిలో చలికాలం రాకముందు అప్పుడప్పుడూ ఇలా మంచు దిగుతుంది. దొడ్డిలో ఒంటెలు కనిపించకుండా నములుతున్న చప్పుడు మాత్రం వినిపించింది. ఆ చెట్టు దగ్గరికి పోవద్దని గేటు కాడ కాపలా ఉండే సూడాన్ మనిషి ఇద్రీస్ ఎప్పుడో చెప్పాడు. దాని మీద జిన్ను ఉందట. యజమాని కూడా అటు పోడట. నర్సింగ్ అప్పుడు నవ్వాడు. ఇప్పుడు చెట్టు మంచులోంచి ఉన్నట్టుండి ఎదురుపడేసరికి నవ్వు రాలేదు. గాలి లేదు, కానీ పై కొమ్మ ఒక్కటి కదులుతోంది.

గబగబా మొక్కు కానిచ్చాడు. తడి చేత్తో మూటకు పసుపూ కుంకుమా పెట్టాడు. మంచుకు కుంకుమ ధోతి మీద పెద్ద పెద్ద మరకలై పాకింది. మూటను వంగిన కొమ్మకు కట్టి మూడుసార్లు తిరిగాడు. మూట మెల్లగా ఊగుతుంటే లోపల ఇనప డబ్బీలు ఒకదానికొకటి తగిలి కటకటమన్నాయి. ఆ చప్పుడు నర్సింగ్‌కు నచ్చలేదు. నాలుగు కొమ్మలు తుంచి జేబులో కుక్కుకుని మూట విప్పబోతుంటే ఫోను మోగింది.

"యాడున్నవ్ రా నర్సింగ్?" కమాలుద్దీన్ గొంతు కీచుమంటోంది. "తనిఖీ ఆఫీసర్ జల్దీ వస్తుండట. పగటి పూట జొహర్ నమాజ్ తర్వాత అన్నోడు ఇప్పుడే బయల్దేరిండు. బల్ల సాఫ్ చెయ్యాలె, యల్లా, ఉరుకు!"

"వస్తున్న కమాల్ భాయ్, గీ ముడి..."

"ముడి లేదు గిడి లేదు, రా!"

ముడి తడికి బిగుసుకుపోయింది. గోళ్ళతో లాగాడు, పళ్ళతో లాగాడు. సరే, బల్ల తుడిచి, కత్తి తెచ్చి కోసుకుపోదాం, ఈ మంచులో ఎవరొస్తారులే అనుకున్నాడు. అనుకుని పరుగెత్తాడు. ఆ ఒక్క అనుకోవడం దగ్గరే అతని కొంప మునిగింది.

బల్ల తుడవడం పూర్తయ్యేలోపు ఇద్రీస్ వర్క్‌షాపులోకి వచ్చిపడ్డాడు. ఆరడుగుల మనిషి, తలుపుకు ఆనుకుని వణుకుతున్నాడు. అతనికి వచ్చిన హిందీ, కమాలుద్దీన్‌కు వచ్చిన అరబ్బీ కలిపి ఇద్దరూ మాట్లాడుకున్నారు.

"కమాల్ భాయ్, ఘాఫ్ చెట్టుకు కఫన్ వేలాడుతోంది. చిన్నది. పసిపిల్లంత."

"కఫనా? శవానికి చుట్టే గుడ్డనా?"

"అదే. రక్తం కూడా ఉంది. లోపల ఎముకలు చప్పుడు చేస్తున్నాయి. నా చెవులతో విన్నా."

కమాలుద్దీన్ బోధన్ మనిషి. ఇంట్లో దక్కనీ, వీధిలో తెలుగు, డ్యూటీలో అరబ్బీ మాట్లాడి మూడింటిలోనూ భయపడగలడు. గొణుగుతూ ఏదో చదువుకుని, "నర్సింగ్, నువ్వు నా ఎనక నడువు. వద్దు, ముందు నడువు" అన్నాడు. నర్సింగ్ ముందు నడిచాడు. నడుస్తూ నడుస్తూ చెప్పేద్దామనుకున్నాడు. ఇద్రీస్ ముందు చెప్పడం ఎందుకులే, మూట దించాక చెబుదామనుకున్నాడు. ముగ్గురూ చెట్టు దగ్గరికి చేరారు.

కొమ్మ ఖాళీగా ఉంది. తెగిన ధోతి పీలిక ఒకటి దానికి వేలాడుతోంది.

ఇద్రీస్ కూలబడ్డాడు. నర్సింగ్‌కు ఇద్రీస్ కంటే ఎక్కువ భయం వేసింది, ఎందుకంటే అక్కడ ఏం ఉండిందో అతనొక్కడికే తెలుసు. అంతలో మంచులో, వాళ్ళ తలల కంటే ఎత్తులో, కట... కట... కటమని చప్పుడు కుడి నుంచి ఎడమకు నడిచిపోయింది. అడుగుల చప్పుడు లేదు. తెల్లటిదేదో ఒక్క క్షణం గాల్లో కనిపించి, ఊగుతూ కరిగిపోయింది. ఇద్రీస్ లేచి గేటు వైపు కాకుండా యజమాని ఇంటి వైపు పరుగెత్తాడు. వెనక్కి పిలిచినా వినలేదు.

ఇక దాచి లాభం లేదని నర్సింగ్ మొత్తం చెప్పేశాడు. కమాలుద్దీన్ వింటూ వింటూ ఇసుకలో చతికిలబడ్డాడు.

"క్యా కియా రే! డజను మ్యాగజైన్లు చెట్టుకు కట్టినవా?"

"ఇయ్యాల దసరా గదా, భాయ్. గడియసేపే..."

"అరే, మ్యాగజైన్ పోయిందంటే పోలీసు. చెట్టుకు కట్టిన, బొట్టు వెట్టిన అంటే చేతబడి అంటరు. పోలీసు కాడికి పోతె జైలు, చేతబడి అంటె జైలు ప్లస్ ఎయిర్‌పోర్ట్. నాకు గుడ ఎయిర్‌పోర్టే. నా బిడ్డ నూరైన్‌కు మొన్ననే ఈడ ఇస్కూల్‌ల సీటు దొరికింది, ఎరికేనా నీకు?"

నర్సింగ్‌కు ఏడుపొచ్చింది. ఈసారి ఏసీ గాలికి కాదు. "నా వల్ల మీకు గిట్ల అయితదనుకోలే భాయ్. నేనే ఒప్పుకుంట. మీకేం ఎరుకలేదని చెప్త" అన్నాడు. కమాలుద్దీన్ అతన్ని తిట్టబోయి తిట్టలేక, భుజం పట్టుకుని లేచాడు. "నువ్వు నోరు ముయ్యి. మాట్లాడేది నేను. నువ్వు మొఖం గట్టిగ వెట్టుకో" అన్నాడు. అప్పటి నుంచి ఆ రోజంతా కమాలుద్దీన్ నోట్లోంచి నిజమనేది రాలేదు.

వాళ్ళు ఇంటి ముందుకు చేరేసరికి అబూ నాసర్ వరండాలో నిలబడి ఉన్నాడు. ఇద్రీస్ అప్పటికే కఫన్‌ను కాస్తా కదిలే పసిపిల్ల చేశాడు. పెద్దాయన ముఖం పాలిపోయింది. ఆయన మెల్లగా చెప్పిన మాటలను కమాలుద్దీన్ నర్సింగ్ చెవిలో తెలుగు చేశాడు. ఆ చెట్టు ఆయన తండ్రి నాటిందట. దాని కింద ఎవరూ కూర్చోవద్దని, ఒక కొమ్మ కూడా విరవద్దని తండ్రి చివరి మాటగా చెప్పాడట. ఒక డ్రైవరు వినకుండా కింద బండి పెడితే, ఆ బండి చెట్టు దగ్గర నుంచి కదలలేదట. నర్సింగ్ జేబు మీద చెయ్యి పెట్టుకున్నాడు. జేబులో నాలుగు కొమ్మలున్నాయి.

"ఎవరు కట్టారు దాన్ని?" అని అడిగాడు అబూ నాసర్.

కమాలుద్దీన్ అరబ్బీలో గడగడా ఏదో చెప్పాడు. అదేంటో నర్సింగ్‌కు అప్పుడు అర్థం కాలేదు. పెద్దాయన మాత్రం నర్సింగ్ వైపు తిరిగి తల నుంచి పాదాల దాకా చూశాడు. ఆ చూపులో భయముంది, దాంతోపాటు మర్యాద కూడా ఉంది. నర్సింగ్‌కు ఆ మర్యాదే ఎక్కువ భయమేసింది.

"ఏం చెప్పినవ్ భాయ్?" అని గుసగుసగా అడిగాడు.

"జిన్ను ఆయుధాల మీద వడకుండ నువ్వు దాన్నే మూటల కట్టి చెట్టుకు బంధించినవని చెప్పిన. మీ ఊర్ల మీ తాతల కాలంకెల్లి ఇదే పని అని చెప్పిన. ఏం జెయ్యమంటవ్, నోటికి అదే వచ్చింది!"

"మా తాత బీడీలు చుట్టెటోడు భాయ్!"

"ఇప్పుడు గాదు. మొఖం గట్టిగ వెట్టు."

సరిగ్గా ఆ వేళకే తనిఖీ ఆఫీసర్ కారు గేటు దాటి లోపలికి వచ్చింది. ఆయన సన్నటి మనిషి, చేతిలో సంచీ, మాట తక్కువ. సలాములయ్యాయి. మ్యాగజైన్లు చూపించండి అన్నాడు. ఎవరూ కదల్లేదు. అబూ నాసర్ కమాలుద్దీన్ వైపు చూశాడు, కమాలుద్దీన్ నర్సింగ్ వైపు చూశాడు, నర్సింగ్ చూడటానికి ఎవరూ మిగల్లేదు.

అప్పుడు మంచులోంచి చప్పుడు మొదలైంది. కట... కట... కట. దూరం నుంచి, తీరిగ్గా, ఇంటి వైపే వస్తోంది. ఆఫీసర్ తల ఎత్తాడు. తెల్లటి మంచు మీద ఇంకా తెల్లగా, మనిషి అందుకోలేనంత ఎత్తులో, ఎర్ర మరకలున్న చిన్న మూట గాల్లో తేలుతూ వచ్చింది. దాని కింద ఏమీ లేదు. పైన ఏమీ లేదు. మూట ఆగింది, ఎవరి కోసమో వెతుకుతున్నట్టు ఇటూ అటూ ఊగింది. ఇద్రీస్ కళ్ళు మూసుకున్నాడు. ఆఫీసర్ ఒక మెట్టు వెనక్కి ఎక్కాడు. 

ఆ నిశ్శబ్దంలో మూట వెనక నుంచి ఎవరో నమిలారు.

నర్సింగ్ ఆ ధోతి అంచును గుర్తుపట్టాడు. మెట్‌పల్లి అంగట్లో గంగామణి బేరమాడి కొన్న అంచు అది. జైలా, ఎయిర్‌పోర్టా అని తేల్చుకోకముందే కాళ్ళు వాటంతటవే ముందుకు నడిచాయి. నాలుగడుగులు వేసేసరికి మంచు విడివడి, మూట పైన పొడవాటి తల, సగం మూసిన కళ్ళు, పెదవుల మధ్య జమ్మి రెమ్మ కనిపించాయి. అది అబూ నాసర్ కట్టేయకుండా ముద్దుగా పెంచుకునే మబ్రూకా అనే తెల్ల ఆడ ఒంటె. చెట్టు మేస్తూ కొమ్మకున్న మూట కట్టులో తల దూర్చింది, పీలిక తెగి ధోతి ముడి దాని మెడకు పడింది, అది పట్టించుకోకుండా తోటంతా షికారు చేస్తోంది. దాని మెత్తటి పాదాలకు ఇసుకలో చప్పుడెక్కడిది?

"మా తల్లే, మా అమ్మే, ఆగు" అన్నాడు నర్సింగ్. చెయ్యి జేబులోకి పోయింది. బెల్లం ముక్క తీసి అరచేతిలో పెట్టి చాపాడు. మబ్రూకా వాసన చూసింది. ఎవరు పిలిచినా పలకని, యజమాని చెప్పినా వినని ఆ ఒంటె, ముందు మోకాళ్ళు మడిచి, గుర్రుమంటూ నర్సింగ్ ముందు కూర్చుంది.

వరండాలోంచి చూసినవాళ్ళకు బెల్లం కనిపించలేదు. బక్కపలచటి మనిషొకడు తెలియని భాషలో ఏదో చదవడం, జిన్నును మోస్తున్న జంతువు అతని ముందు మోకరిల్లడం మాత్రం కనిపించాయి. అబూ నాసర్ పెదవులు కదిలాయి. కమాలుద్దీన్ కూడా ఒక క్షణం తన అబద్ధాన్ని తానే నమ్మాడు.

ఆఫీసర్ అందరికంటే ముందు తేరుకున్నాడు, అది ఆయన ఉద్యోగం కాబట్టి. "మ్యాగజైన్లు ఒంటె మెడలో ఎందుకున్నాయి?" అని అడిగాడు. తన తోటలో జిన్ను ఉందని సర్కారు మనిషి ముందు ఒప్పుకోవడం అబూ నాసర్‌కు తలవంపు. అందుకని ఆయన గడ్డం సవరించుకుని, "మా నాన్న కాలం నుంచీ అంతే. అతిథికి ఆయుధం ఒంటె మీదే వస్తుంది" అన్నాడు. ఆఫీసర్ తల ఊపాడు. ఎర్ర మరకలు చూపించి ఇదేంటన్నాడు. తుప్పు పట్టకుండా రెడ్ ఆక్సైడ్ అన్నాడు కమాలుద్దీన్. మరి పసుపు? అది రెడ్ ఆక్సైడ్‌కు ముందు వేసే కోటింగట. ఆఫీసర్ దాన్ని కాగితం మీద రాసుకున్నాడు కూడా.

మూటలో సామాను లెక్కకు సరిపోయింది. ఆఫీసర్ అన్నీ పరీక్షించనన్నాడు, ఏదో ఒకటి చాలన్నాడు. మూట మీద చెయ్యి ఆడించి ఒకటి తీశాడు. పక్కన గోటితో గీసినట్టు వంకర గీత.

 పదకొండు మంచివి ఉండగా ఆయన చెయ్యి తిరిగి తిరిగి దాని మీదే వాలింది. ఆఫీసర్ సంచీలోంచి డమ్మీ తూటాలు తీశాడు. ఒకటి, రెండు, మూడు, నాలుగు, ఐదు. ఆరోది ఆనించాడు. నర్సింగ్ కళ్ళు మూసుకున్నాడు. కళ్ళ ముందు పరంజాలు, ఇనుప పైపులు, నడినెత్తిన సూర్యుడు కనిపించాయి.

ఆఫీసర్ నొక్కాడు. ఇంకా గట్టిగా నొక్కాడు. బొటనవేలు తెల్లబడింది. తూటా దిగలేదు.

"బాగుంది" అన్నాడాయన. సంతకం పెట్టి, యజమాని ఇచ్చిన ఖహ్వా కాఫీ తాగి, మంచు విడవకముందే వెళ్ళిపోయాడు. కారు ఎక్కేటప్పుడు ఒంటె వైపు ఒకసారి చూశాడు.

నర్సింగ్ వర్క్‌షాపుకు పోయి తలుపు వేసుకుని ఆ డబ్బీని విప్పాడు. లోపల జమ్మి ఆకో, ఒంటె నమిలి ఉమ్మిన పీచో ఇరుక్కుని ఉంటుంది, అంతేగదా అనుకున్నాడు. దీపం కింద పెట్టి చూశాడు. దిమ్మ ఉన్నచోటే ఉంది. ఆకు లేదు, పీచు లేదు. మళ్ళీ మూసి తనే ఆరో తూటా ఎక్కించి చూశాడు. ఎక్కలేదు. డబ్బీని అల్మారాలో అన్నింటి వెనక పెట్టి తాళం వేసి, దాన్ని రెండుసార్లు లాగి చూసుకున్నాడు. రెండడుగులు వేశాక అల్మారాలోంచి టక్కుమని వినిపించింది. అతను వెనక్కి తిరగలేదు.

మధ్యాహ్నానికి యజమాని పిలుపొచ్చింది. మంచు పూర్తిగా పోయి ఎండ మండుతోంది. అతిథులు కూర్చునే మజ్లిస్ గదిలో అబూ నాసర్ అతన్ని తన పక్కనే కూర్చోమన్నాడు, స్వయంగా ఖర్జూరాలు అందించాడు. కమాలుద్దీన్ ఎదురుగా కూర్చుని తెలుగు చేశాడు.

"నీ డ్యూటీ పర్మనెంటు అయింది. కంపెనీకి ఫోన్ గుడ చేసిండు. సైటుకు మళ్ళ పొయ్యే పని లేదు, జిందగీల లేదు."

నర్సింగ్ రెండు చేతులూ జోడించాడు.  గంగామణికి ఎప్పుడు చెబుతానా అని ప్రాణం కొట్టుకుంది. జేబులో నలిగిన జమ్మి కొమ్మలు చేతికి తగిలాయి. ఒక రెమ్మ తీసి కమాలుద్దీన్ చేతిలో పెట్టి, "బంగారం దీస్కో భాయ్. నువ్వు లేకుంటె నేనియ్యాల విమానంల ఉందును" అన్నాడు. కమాలుద్దీన్ దాన్ని తీసుకుని అతన్ని కౌగిలించుకున్నాడు. అబూ నాసర్ ఆ రెమ్మను చూసి గౌరవంగా కళ్ళు దించుకున్నాడు.

తర్వాత పెద్దాయన ఇంకా ఏదో చెప్పాడు. చాలాసేపు చెప్పాడు. కమాలుద్దీన్ విన్నాడు, తల గోక్కున్నాడు, తెలుగు చేయకుండా ఖర్జూరం నమిలాడు.

"ఏమంటుండు భాయ్?"

"ఏం లేదు. ఆ వర్క్‌షాప్‌ల పనికి ఎవడైన దొరుకుతడు అంటుండు. ఫిలిప్పీన్ల పిలగాడు ఒకడున్నడట, రేపు వస్తడు."

"మరి నేను?"

"జిన్ను నీ ఒక్కని మాటే ఇంటదట. అందుకని నీ డ్యూటీ చెట్టు కాడ. పొద్దుగాల్నుంచి పొద్దూకేదాంక ఆడనే కూసోవాలె. ఎవ్వరిని దగ్గరికి రానియ్యద్దు."

నర్సింగ్ కిటికీలోంచి బయటికి చూశాడు. దొడ్డి అవతల మండుటెండలో చెట్టు ఒంటరిగా నిలబడి ఉంది, పై కొమ్మ ఒక్కటి కదులుతోంది. వర్క్‌షాపు వైపు నుంచి ఏసీ హోరు సన్నగా వినిపిస్తోంది.

"ఏసీ సంగతి అడుగు భాయ్" అన్నాడు చివరి ఆశగా.

కమాలుద్దీన్ అడిగాడు. అబూ నాసర్ ఆ మాటకు ఆశ్చర్యపోయి, చెట్టన్నాక నీడ ఉండదా అన్నాడు.

జమ్మి ఆకు ఎంత సన్నగా ఉంటుందో ఆయన ఎప్పుడూ దగ్గరికి పోయి చూడలేదు.